అలాన్ ట్యూరింగ్

అలాన్ మాథిసన్ ట్యూరింగ్ (1912 జూన్ 23 - 1954 జూన్ 7) సుప్రసిద్ధ ఆంగ్ల గణిత శాస్త్రవేత్త, తర్కశాస్త్రవేత్త, గూఢలిపి ఛేదకుడు. ఆధునిక కంప్యూటర్ శాస్త్రానికి, కృత్రిమ మేధకు పునాదులు వేసినవారిలో అగ్రగణ్యుడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీ సైన్యం వాడిన ఎనిగ్మా యంత్రపు రహస్య లిపిని ఛేదించడంలో కీలక పాత్ర వహించాడు. యంత్రం మనిషికి ఎదురుగా కూర్చుని వ్యూహంతో ఆట ఆడగలదా అనే ప్రశ్నను శాస్త్రీయంగా పరిశీలించిన తొలితరం వారిలో ఆయన ఒకడు. నేడు కంప్యూటర్ మీద ఆడే చదరంగం మొదలుకొని అంతరిక్ష సామ్రాజ్యాల వ్యూహక్రీడల వరకు, యంత్రం ప్రత్యర్థిగా నిలిచే ప్రతి ఆటకూ మూలమైన ఆలోచనలలో కొన్ని ఆయనవే. ఆయన తండ్రి పూర్వపు మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలలో ఉద్యోగం చేసిన అధికారి.

కుటుంబం, తెలుగు జిల్లాలతో సంబంధం

ట్యూరింగ్ తండ్రి జూలియస్ మాథిసన్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీసు అధికారి. 1896లో మద్రాసు రాష్ట్రానికి వచ్చి, తొలి పదేళ్ళూ బళ్ళారి, కర్నూలు, విశాఖపట్నం జిల్లాలలో పనిచేశాడు. వ్యవసాయం, నీటిపారుదల, పారిశుద్ధ్యం, టీకాలు మొదలైన విషయాలపై నివేదికలు తయారు చేయడం, గ్రామ లెక్కలు తనిఖీ చేయడం ఆయన విధులు. తల్లి ఎథెల్ సారా స్టోనీ దక్షిణ భారతదేశంలోని పోదనూరులో జన్మించింది. ఆమె తండ్రి ఎడ్వర్డ్ వాలర్ స్టోనీ మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరు.

జూలియస్, ఎథెల్ 1907లో సెలవుపై స్వదేశానికి వెళ్తూ ఓడ ప్రయాణంలో పరిచయమై, అదే సంవత్సరం డబ్లిన్ నగరంలో వివాహం చేసుకున్నారు. పెద్ద కుమారుడు జాన్ 1908లో నీలగిరులలోని కూనూరులో పుట్టాడు. ఆ తరువాత ఉద్యోగరీత్యా ఈ కుటుంబం పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ (నేటి విజయవాడ), చికాకోల్ (నేటి శ్రీకాకుళం), కర్నూలు పట్టణాలలో నివసించి, చివరకు గంజాం జిల్లా ఛత్రపురం చేరింది. ఈ పట్టణాలలో బెజవాడ నాటి కృష్ణా జిల్లాలోనిది. నాడు ఆ జిల్లాలో పశ్చిమాన ఉండిన నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతాలకు నాడూ నేడూ అదే ప్రధాన నగరం.

ఛత్రపురంలో ఉండగా ఎథెల్ రెండవసారి గర్భవతి అయింది. ప్రసవానికి దంపతులు ఇంగ్లాండు వెళ్ళారు. అందువల్ల అలాన్ లండన్ నగరంలోని మైడావేల్‌లో జన్మించాడు. ఆంధ్రదేశపు ఎండలు, జ్వరాలు పిల్లలకు సరిపడవని తల్లిదండ్రులు భావించారు. అన్నదమ్ములిద్దరినీ ఇంగ్లాండు దక్షిణ తీరంలో ఒక పదవీ విరమణ చేసిన సైనికాధికారి కుటుంబం వద్ద ఉంచి, తాము ఇండియాకు వచ్చి పోతూ ఉండేవారు. దీనివల్ల అలాన్ బాల్యంలో అధికభాగం తల్లిదండ్రులకు దూరంగా గడిచింది.

విద్యాభ్యాసం

1926లో, 13 ఏళ్ళ వయసులో, ట్యూరింగ్ షెర్బోర్న్ పాఠశాలలో చేరాడు. చేరవలసిన రోజు దేశమంతటా సార్వత్రిక సమ్మె జరుగుతూ రైళ్ళు నడవలేదు. సౌతాంప్టన్ రేవు నుండి దాదాపు 60 మైళ్ళ దూరం సైకిలుపై ఒంటరిగా ప్రయాణించి, దారిలో ఒక రాత్రి సత్రంలో బస చేసి పాఠశాలకు చేరుకున్నాడు. ప్రాచీన భాషలకు పెద్దపీట వేసే ఆ పాఠశాలలో గణితం, విజ్ఞానశాస్త్రాలపై అతని ఆసక్తికి తగిన ఆదరణ లభించలేదు.

అక్కడే క్రిస్టఫర్ మార్కమ్ అనే సహవిద్యార్థితో గాఢమైన స్నేహం ఏర్పడింది. ఇద్దరూ ఖగోళశాస్త్రం, గణితం గురించి చర్చించుకొనేవారు. 1930 ఫిబ్రవరిలో మార్కమ్ క్షయవ్యాధితో అకాలమరణం చెందాడు. ఈ దుఃఖం ట్యూరింగ్‌ను చాలాకాలం వెన్నాడింది. మనసు అంటే ఏమిటి, అది భౌతిక పదార్థంతో ఏవిధంగా ముడిపడి ఉన్నది అనే ప్రశ్నలు అప్పటి నుండే ఆయనను ఆలోచింపజేశాయి.

1931లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కింగ్స్ కళాశాలలో చేరి, 1934లో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. 1935లో, 22 ఏళ్ళ వయసుకే, అదే కళాశాలలో ఫెలోగా ఎన్నికయ్యాడు.

ట్యూరింగ్ యంత్రం

గణితంలోని ఏ ప్రతిపాదన అయినా నిరూపించదగినదో కాదో తేల్చి చెప్పగల ఒక యాంత్రిక పద్ధతి ఉంటుందా అన్నది నాటి గణితవేత్తల ముందున్న పెద్ద సమస్య. 1936లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో ట్యూరింగ్ అటువంటి పద్ధతి ఉండదని నిరూపించాడు. అమెరికాలో అలోంజో చర్చ్ కూడా అదే కాలంలో వేరొక మార్గంలో ఇదే ఫలితాన్ని సాధించాడు.

నిరూపణ కోసం ట్యూరింగ్ ఒక ఊహాయంత్రాన్ని కల్పించాడు. గళ్ళు గళ్ళుగా ఉన్న ఒక పొడవైన పట్టీ, దానిపై గుర్తులను చదివి, చెరిపి, వ్రాసే ఒక తల, ఏ స్థితిలో ఏమి చేయాలో తెలిపే ఒక నియమాల పట్టిక - ఇవే దాని భాగాలు. నియమాల పట్టికను కూడా పట్టీపైనే వ్రాసి ఇస్తే, ఒకే యంత్రం మిగిలిన యంత్రాలన్నీ చేసే పనిని చేయగలదని ఆయన చూపించాడు. దీనినే సార్వత్రిక ట్యూరింగ్ యంత్రం అంటారు. నేడు ఒకే కంప్యూటర్ లెక్కలు చేయడానికి, ఉత్తరాలు వ్రాయడానికి, ఆటలు ఆడడానికి కూడా ఉపయోగపడడానికి సైద్ధాంతిక ఆధారం ఇదే. 1936 నుండి 1938 వరకు ట్యూరింగ్ అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చర్చ్ వద్ద పరిశోధన చేసి డాక్టరేటు పొందాడు.

యుద్ధకాలం

బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించిన మరునాడు, 1939 సెప్టెంబర్ 4న, ట్యూరింగ్ బ్లెచ్లీ పార్కులోని గూఢలిపి ఛేదన కేంద్రంలో చేరాడు. ఎనిగ్మా యంత్రంపై పోలండు గణితవేత్తలు అంతకుముందే ఎంతో ప్రగతి సాధించి, 1939 జూలైలో తమ రహస్యాలను బ్రిటన్, ఫ్రాన్సులకు అందజేశారు. జర్మన్లు తమ పద్ధతులను మార్చినా పనిచేసే విధంగా ట్యూరింగ్ బాంబ్ అనే కొత్త విద్యుత్ యంత్రాన్ని రూపొందించాడు. మొదటి యంత్రం 1940 మార్చిలో నెలకొల్పబడింది. గార్డన్ వెల్చ్‌మన్ చేసిన మార్పుతో దాని శక్తి ఎన్నోరెట్లు పెరిగింది.

ఎనిగ్మాను అమర్చగల విధానాలు లెక్కకు మిక్కిలి. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించడం అసాధ్యం. సందేశంలో ఫలానా మాట ఉండవచ్చునని ఊహించి, ఆ ఊహతో విరోధించే అమరికలన్నిటినీ ఒక్కసారిగా తోసిపుచ్చడమే బాంబ్ చేసే పని. అపారమైన అవకాశాలలో పనికిరాని వాటిని త్వరగా విడిచిపెట్టే ఈ పద్ధతి, తరువాత ఆయన ఆట ఆడే యంత్రాల గురించి చేసిన ఆలోచనలకు దగ్గరి బంధువు.

బ్లెచ్లీ పార్కులో పేరుమోసిన చదరంగ క్రీడాకారులు పలువురు ఉండేవారు. బ్రిటిష్ ఛాంపియన్ హ్యూ అలెగ్జాండర్ జర్మన్ నౌకాదళపు ఎనిగ్మా విభాగంలో ట్యూరింగ్ సహచరుడై, తరువాత ఆ విభాగానికి అధిపతి అయ్యాడు. 1941 అక్టోబర్‌లో సిబ్బంది కొరతను వివరిస్తూ ట్యూరింగ్, వెల్చ్‌మన్, అలెగ్జాండర్, స్టువార్ట్ మిల్నర్-బారీ నేరుగా ప్రధాని చర్చిల్‌కు లేఖ వ్రాయగా, ఆయన వెంటనే తగిన ఏర్పాట్లు చేయించాడు. ట్యూరింగ్‌కు చదరంగంపై మక్కువ ఉన్నా ఆటలో ఆయన సామర్థ్యం అంతంత మాత్రమే. అయితే తన ఆలోచనలోని ఏ అంచెలను యంత్రానికి నేర్పవచ్చు అనే విషయంపై జాక్ గుడ్, డొనాల్డ్ మిచీ అనే యువ సహచరులతో తరచు చర్చించేవాడు. యుద్ధసేవలకు గాను ఆయనకు ఓ.బి.ఇ. గౌరవం లభించింది. కాని చేసిన పని రహస్యం కావడంతో కొన్ని దశాబ్దాలపాటు ప్రజలకు దాని సంగతి తెలియలేదు.

కంప్యూటర్ రూపకల్పన

1945లో ట్యూరింగ్ లండన్ సమీపంలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరి, ఏస్ అనే కంప్యూటర్‌కు సమగ్రమైన నమూనా తయారు చేశాడు. 1946 నాటి ఆ నివేదికలోనే కంప్యూటర్ చేయగల పనులలో ఒకటిగా చదరంగాన్ని పేర్కొన్నాడు. నిర్మాణంలో జాప్యానికి విసిగి 1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి మారాడు. ఏస్‌కు చిన్న రూపమైన పైలట్ ఏస్ 1950లో పనిచేయడం ప్రారంభించింది. మాంచెస్టర్‌లో ఫెరాంటీ సంస్థ తయారు చేసిన కంప్యూటర్‌కు ప్రోగ్రాములు వ్రాసే విధానంపై ట్యూరింగ్ ఒక చేపుస్తకం వ్రాశాడు. యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించే ఏర్పాటు ఆ కంప్యూటర్‌లో ఉండాలని పట్టుబట్టినది కూడా ఆయనే. యంత్రం ఎల్లప్పుడూ ఒకే దారి పట్టకుండా ఉండడానికి ఇది అవసరమని ఆయన అభిప్రాయం.

చదరంగం ఆడే నియమావళి

1948లో ట్యూరింగ్ తన మిత్రుడు, ఆర్థికశాస్త్రవేత్త డేవిడ్ ఛాంపర్నౌన్‌తో కలసి చదరంగం ఆడే నియమావళిని రూపొందించాడు. ఇద్దరి పేర్లూ కలిపి దీనిని ట్యూరోఛాంప్ అని పిలుస్తారు. దీనిని నడపగల కంప్యూటర్ అప్పటికి లేదు. నియమాలను కాగితంపై వ్రాసుకుని, లెక్కలను మనిషే చేస్తూ ఆడవలసి వచ్చేది.

ఈ నియమావళి పనిచేసే తీరు క్లుప్తంగా ఇది:

ముందుచూపు: యంత్రం తాను వేయగల ప్రతి ఎత్తును, దానికి ప్రత్యర్థి ఇవ్వగల ప్రతి జవాబును పరిశీలిస్తుంది. చదరంగం ప్రారంభంలో తెల్లపావులకు 20 ఎత్తులు, నల్లపావులకు 20 జవాబులు ఉంటాయి. అంటే మొదటి అడుగులోనే 400 స్థితులు చూడవలసి వస్తుంది. ఆపైన ఒక్కొక్క అడుగు ముందుకు చూసే కొద్దీ ఈ సంఖ్య ఇరవై, ముప్పై రెట్లు చొప్పున పెరుగుతుంది.

విడిచిపెట్టడం: అందువల్ల రెండు అడుగుల తరువాత అన్ని ఎత్తులనూ చూడకుండా, పావులను చంపుకొనే ముఖ్యమైన ఎత్తులను మాత్రమే చివరి వరకు అనుసరిస్తుంది. కలకలం సద్దుమణిగిన స్థితి వచ్చేవరకు చూసి అక్కడ ఆగుతుంది.

విలువ కట్టడం: ఆగిన చోట స్థితికి ఒక విలువ కడుతుంది. బంటుకు 1, గుర్రానికి 3, శకటుకు మూడున్నర, ఏనుగుకు 5, మంత్రికి 10. పావుల విలువ సమానమైనప్పుడు, పావులకు ఎంత కదలిక ఉన్నది, వాటికి రక్షణ ఉన్నదా, రాజు భద్రంగా ఉన్నాడా, బంట్లు ఎంత ముందుకు వెళ్ళాయి అనే విషయాలకు చిన్న చిన్న మార్కులు కలుపుతుంది. బంటు ఒక వరుస ముందుకు జరిగితే 0.2 మార్కులు.

ఎన్నుకోవడం: ప్రత్యర్థి తనకు అత్యంత లాభదాయకమైన జవాబే ఇస్తాడని భావించి, ఆ జవాబు తరువాత కూడా తనకు ఎక్కువ విలువ మిగిలే ఎత్తును ఎన్నుకుంటుంది.

పులిజూదం ఆడినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. మూడు పులులు, పదిహేను మేకల ఆటలో పులి ఒక్క మేకను చంపే ముందు, ఆ గెంతు తరువాత తనకు తిరిగి కదిలే దారి ఉంటుందా అని చూసుకోవాలి. ఎన్ని మేకలు చచ్చినవి అన్నది పావుల విలువ. పులికి ఎన్ని దారులు తెరచి ఉన్నవి అన్నది కదలిక విలువ. మంచి ఆటగాడు ఈ రెంటినీ మనసులోనే తూచుకుంటాడు. ట్యూరింగ్ చేసినది ఆ తూకాన్ని అంకెలలో వ్రాయడం.

1952లో మాంచెస్టర్‌లో అలిక్ గ్లెనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తకు ఎదురుగా ట్యూరింగ్ ఈ నియమావళి తరఫున ఆడాడు. ఒక్కొక్క ఎత్తు లెక్క కట్టడానికి సుమారు అరగంట పట్టింది. 29వ ఎత్తు వద్ద నియమావళి ఓడిపోయింది. కాగితపు యంత్రానికి ముందుచూపు కొన్ని అడుగులే గాని, ఆట మొత్తానికి ఒక ప్రణాళిక లేదు. ఈ ఆట వివరాలతో కూడిన ట్యూరింగ్ వ్యాసం 1953లో బి.వి. బౌడెన్ సంపాదకత్వంలో వెలువడిన గ్రంథంలో ప్రచురితమైంది.

అదే కాలంలో ఇతరులూ ఈ దిశగా కృషి చేశారు. అమెరికాలో క్లాడ్ షానన్ 1950లో కంప్యూటర్ చదరంగంపై సుప్రసిద్ధమైన వ్యాసం ప్రచురించాడు. 1951లో డీట్రిచ్ ప్రింట్జ్ మాంచెస్టర్ కంప్యూటర్‌పై రెండు ఎత్తులలో ఆటకట్టు చేసే సమస్యలను సాధించే ప్రోగ్రాము నడిపాడు. క్రిస్టఫర్ స్ట్రేచీ వ్రాసిన డ్రాఫ్ట్స్ ప్రోగ్రాము 1952 నాటికి అదే కంప్యూటర్‌పై పూర్తి ఆట ఆడగలిగింది. డొనాల్డ్ మిచీ 1961లో 304 అగ్గిపెట్టెలు, రంగుపూసలతో, ఓటమి నుండి నేర్చుకునే ఒక చిన్న ఆటయంత్రాన్ని తయారు చేశాడు.

పొరపాటు చేసే యంత్రం

1947లో లండన్ గణిత సంఘంలో చేసిన ప్రసంగంలో ట్యూరింగ్ ఒక విలక్షణమైన వాదం వినిపించాడు. ఎన్నడూ పొరపాటు చేయకూడదని యంత్రాన్ని కట్టడి చేస్తే అది తెలివైనది కాజాలదని, మనిషికి ఇచ్చినట్లే యంత్రానికీ తప్పులు చేసి దిద్దుకొనే అవకాశం ఇవ్వడమే న్యాయమని ఆ వాదపు సారాంశం. 1948లో వ్రాసిన నివేదికలో, శిక్ష, బహుమతుల ద్వారా పసివాడు నేర్చుకున్నట్లు నేర్చుకొనే యంత్రాలను వర్ణించాడు.

1950లో మైండ్ పత్రికలో వెలువడిన వ్యాసంలో, యంత్రాలు ఆలోచించగలవా అనే ప్రశ్నకు బదులుగా ఆయన అనుకరణ క్రీడను ప్రతిపాదించాడు. ఒక పరీక్షకుడు వేరే గదులలో ఉన్న మనిషితోను, యంత్రంతోను వ్రాతపూర్వకంగా సంభాషించి, వారిలో యంత్రమేదో గుర్తించాలి. గుర్తించలేకపోతే యంత్రం తెలివిని కాదనడానికి ఆధారం ఉండదు. ఇదే నేడు ట్యూరింగ్ పరీక్షగా ప్రసిద్ధి పొందింది. ఆ వ్యాసంలోని నమూనా సంభాషణలో ఒక కూడిక లెక్కకు జవాబు కొంత ఆలస్యంగా, పైగా తప్పుగా వస్తుంది. అందులో ఒక చదరంగపు ప్రశ్న కూడా ఉన్నది. మనిషికి సరిజోడుగా కనిపించాలంటే యంత్రం తన వేగాన్ని, ఖచ్చితత్వాన్ని కావాలనే తగ్గించుకోవలసి ఉంటుందని ట్యూరింగ్ గ్రహించాడు.

విచారణ, శిక్ష, మరణం

ట్యూరింగ్ 1951లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యాడు. 1952లో జీవుల శరీరాలపై చారలు, మచ్చలు వంటి ఆకృతులు ఏర్పడే తీరును గణితరీత్యా వివరించే పత్రం ప్రచురించాడు.

అదే సంవత్సరం జనవరిలో ఆయన ఇంట్లో దొంగతనం జరిగింది. ఫిర్యాదును విచారించిన పోలీసులకు ట్యూరింగ్ తనకు మరొక పురుషునితో ఉన్న సంబంధాన్ని దాచకుండా తెలిపాడు. అప్పటి చట్టం ప్రకారం స్వలింగ సంపర్కం నేరం. మార్చి 31న నేరం అంగీకరించిన ఆయనకు న్యాయస్థానం కారాగారానికి బదులుగా, హార్మోను మందులు తీసుకోవాలనే షరతుపై నిఘాతో కూడిన విడుదల మంజూరు చేసింది. ఒక సంవత్సరంపాటు సాగిన ఈ చికిత్స ఆయన శరీరంపై తీవ్రమైన దుష్ప్రభావాలు చూపింది. ప్రభుత్వ గూఢలిపి విభాగానికి సలహాదారుగా పనిచేసే అర్హత కూడా రద్దయింది. దేశ రక్షణకు అంతటి సేవ చేసిన వ్యక్తిని ఆ దేశమే భద్రతకు ముప్పుగా పరిగణించింది.

1954 జూన్ 8న ఆయన విల్మ్‌స్లో పట్టణంలోని తన ఇంట్లో పడకపై మరణించి ఉండగా పనిమనిషి చూసింది. మరణం అంతకుముందు రోజే సంభవించింది. సయనైడు విషం కారణమని తేలింది. పక్కన సగం తిన్న ఆపిల్ పండు ఉన్నది, కాని దానిని పరీక్షించలేదు. అధికారిక విచారణ దీనిని ఆత్మహత్యగా నిర్ణయించింది. ఇంట్లో రసాయన ప్రయోగాలు చేస్తూ అజాగ్రత్త వల్ల విషం లోనికి పోయి ఉంటుందని ఆయన తల్లి కడవరకు విశ్వసించింది. అప్పటికి ఆయన వయస్సు 41 సంవత్సరాలు.

కంప్యూటర్ వ్యూహక్రీడలపై ప్రభావం

ముందుకు చూడడం, విలువ కట్టడం, పనికిరానివాటిని విడిచిపెట్టడం అనే మూడు సూత్రాలపైనే కంప్యూటర్ చదరంగం కొన్ని దశాబ్దాలపాటు ఎదిగింది. 1997 మే నెలలో ఐ.బి.ఎం. కంప్యూటర్ డీప్ బ్లూ ప్రపంచ ఛాంపియన్ గారీ కాస్పరోవ్‌ను ఓడించింది. 2012లో ట్యూరింగ్ శతజయంతి సందర్భంగా మాంచెస్టర్‌లో కాస్పరోవ్ ట్యూరింగ్ నియమావళికి కంప్యూటర్ రూపంతో ఆడి, 16 ఎత్తులలో గెలిచాడు.

చదరంగంలో బల్ల మొత్తం ఇద్దరికీ కనిపిస్తుంది. ఒకసారికి ఒక పావు మాత్రమే కదులుతుంది. 1990ల నుండి ఆదరణ పొందిన అంతరిక్ష సామ్రాజ్య క్రీడలలో పరిస్థితి వేరు. 1993లో వెలువడిన మాస్టర్ ఆఫ్ ఓరియన్ వీటిలో పేరెన్నిక గన్నది. అన్వేషణ, విస్తరణ, వనరుల వినియోగం, శత్రునిర్మూలన అనే నాలుగు అంగాలు గల ఆటలకు ఫోర్ ఎక్స్ అనే పేరు ఈ ఆటను పరిచయం చేసిన పత్రికా వ్యాసంతోనే ప్రచారంలోకి వచ్చింది. ఇటువంటి ఆటలో పటం చాలాభాగం కనబడదు. ప్రత్యర్థులు పలువురు. ఒకే వంతులో అనేక గ్రహాలకు, నౌకలకు ఆజ్ఞలు ఇవ్వాలి. సంధులు, ద్రోహాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఇన్ని అవకాశాలను చదరంగంలోవలె ఒక్కొక్కటిగా ముందుకు చూడడం యంత్రానికి సాధ్యం కాదు.

అందువల్ల రూపకర్తలు చాలావరకు వేరొక ఉపాయం అనుసరించారు. ఆట కఠినస్థాయిని పెంచినప్పుడు యంత్రం తెలివి పెద్దగా మారదు. దానికి లభించే ఉత్పత్తి, పరిశోధన వనరులు పెరుగుతాయి. మాస్టర్ ఆఫ్ ఓరియన్‌లో అతి సులభం నుండి అసాధ్యం వరకు ఐదు స్థాయిలు ఉన్నాయి. 2016లో వెలువడిన స్టెల్లారిస్‌లో కూడా పై స్థాయిలలో యంత్రపు సామ్రాజ్యాలకు అదనపు రాబడి లభిస్తుంది. ఇది పులిజూదంలో పులుల ఆట మెరుగుపరచకుండా నాలుగో పులిని బల్లపై పెట్టడం వంటిది.

చిన్న అదనం కూడా ఎంత భారమవుతుందో ఒక లెక్కతో తెలుసుకోవచ్చు. రెండు సామ్రాజ్యాలు 100 పాళ్ళ సంపదతో మొదలై, ఒకటి వంతుకు 5 శాతం, మరొకటి 6 శాతం చొప్పున పెరిగితే, 50 వంతుల తరువాత మొదటిది సుమారు 1,147 పాళ్ళకు, రెండవది సుమారు 1,842 పాళ్ళకు చేరుతాయి. ఒక్క శాతం తేడా చక్రవడ్డీవలె పెరిగి, రెండవదానికి ఒకటిన్నర రెట్లకు మించిన బలం ఇస్తుంది. అనుభవజ్ఞులైన ఆటగాళ్ళ వ్యూహాలు ఈ లెక్క నుండే పుట్టాయి. తొలి వంతులలోనే వీలైనన్ని గ్రహాలను స్థిరపరచుకోవడం, యుద్ధనౌకల కంటే ముందు ఉత్పత్తిని, పరిశోధనను పెంచుకోవడం, ఒకేసారి రెండు దిక్కులా యుద్ధం తెచ్చుకోకపోవడం వాటిలో ముఖ్యమైనవి. అదనపు రాబడి గల యంత్రాన్ని అది బలపడక ముందే ఎదుర్కోవడం, లేదా ఇరుకైన మార్గాలలో సైన్యాన్ని కేంద్రీకరించి అడ్డగించడం మరికొన్ని మార్గాలు.

వనరులు పెంచి కఠినం చేసిన ప్రత్యర్థి చేతిలో ఓడినవాడు తన ఆటలోని లోపం తెలుసుకోవడం కష్టం. తెలివిగల ప్రత్యర్థి చేతిలో ఓడినవాడు తరువాతి ఆటకు ఏదో ఒకటి నేర్చుకుంటాడు. ట్యూరింగ్ కోరిన ప్రత్యర్థి ఈ రెండవ రకం. ఆయన నియమావళికి అదనపు పావులు గాని, దొంగచూపు గాని లేవు. ఎదుటివాడికి తెలిసినదే దానికీ తెలుసు. ఆయన సూచించిన నేర్చుకునే యంత్రాల మార్గం చాలాకాలం తరువాత ఫలించింది. డీప్‌మైండ్ సంస్థ రూపొందించిన ఆల్ఫాస్టార్ ప్రోగ్రాము, అంతరిక్ష యుద్ధ నేపథ్యంగల స్టార్‌క్రాఫ్ట్ రెండవ భాగాన్ని మనుషుల ఆటలను అనుకరించి, తనతో తాను ఆడుకొని నేర్చుకుని, 2019లో గ్రాండ్‌మాస్టర్ స్థాయిని అందుకున్నది. దాని చేతివేగం మనుషులను మించకుండా పరిమితులు విధించి పరీక్షించారు. యంత్రం వేగంతో కాక వ్యూహంతో గెలిచిందని తేల్చడానికి ఇది అవసరమైంది.

మరణానంతర గుర్తింపు

అమెరికాకు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్తల సంఘం ఏ.సి.ఎం. 1966 నుండి ట్యూరింగ్ పేరిట పురస్కారం ఇస్తున్నది. కంప్యూటర్ రంగంలో దీనిని నోబెల్ బహుమతితో సమానంగా భావిస్తారు. 1994 సంవత్సరానికి ఈ పురస్కారం పొందిన ఇద్దరిలో ఒకరు, నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో జన్మించిన తెలుగువాడు దబ్బాల రాజగోపాల్ రెడ్డి (రాజ్ రెడ్డి). ఈ పురస్కారం అందుకున్న ఆసియా సంతతికి చెందిన తొలి వ్యక్తి ఆయనే. కృత్రిమ మేధలో, ప్రత్యేకించి యంత్రాలు మాటలను గుర్తించడంలో చేసిన కృషికి ఆయన ప్రసిద్ధుడు.

బ్లెచ్లీ పార్కు రహస్యాలు 1970లలో వెల్లడి కావడం మొదలైన తరువాత ట్యూరింగ్ యుద్ధసేవలు లోకానికి తెలిశాయి. 2009 సెప్టెంబర్‌లో బ్రిటిష్ ప్రధాని గార్డన్ బ్రౌన్ ఆయన పట్ల జరిగిన అన్యాయానికి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. 2013 డిసెంబర్ 24న ఎలిజబెత్ రాణి ఆయనకు మరణానంతర క్షమాభిక్ష ప్రసాదించింది. 2017లో ఇంగ్లాండు, వేల్స్‌లలో అదే చట్టం కింద శిక్షపడి మరణించినవారికి కూడా క్షమాభిక్ష వర్తింపజేశారు. ట్యూరింగ్ చిత్రంతో కూడిన 50 పౌండ్ల నోటు 2021 జూన్ 23న, ఆయన జన్మదినాన, చలామణిలోకి వచ్చింది.

ట్యూరింగ్ తండ్రి తెలుగు జిల్లాలలో అమలుపరచిన వలస పాలకుల చట్టాలలో, స్వలింగ సంపర్కాన్ని నేరంగా పరిగణించే 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ నిబంధన కూడా ఉండేది. వయోజనుల పరస్పర అంగీకారంతో కూడిన సంబంధాలకు ఆ నిబంధన వర్తించదని భారత సర్వోన్నత న్యాయస్థానం 2018 సెప్టెంబర్ 6న తీర్పు చెప్పింది.